జీడి నూనె – కొయ్యకు కవచం

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం తీరం కొబ్బరికీ, జీడిమామిడికీ పెట్టింది పేరు. అక్కడి తోటల్లో పండిన పిక్కలు పలాస కార్ఖానాలకు చేరి పప్పుగా మారుతాయి. పప్పు దూరప్రాంతాలకు తరలిపోగా పెంకు మిగులుతుంది. ఆ పెంకులో దాగినదే జీడి నూనె.

ఈ నూనె సోకితే చర్మం పొక్కుతుంది. దానిలోని అనకార్డిక్ ఆమ్లం అందుకు ఒక కారణం. పిక్కలు కొట్టే స్త్రీల చేతులపై ఏర్పడే నల్లని మచ్చలు వారి శ్రమకు సాక్ష్యాలు. అయితే చేతిని బాధించే ఆ నూనే కొయ్యను తొలిచే పురుగులను దూరంగా ఉంచుతుంది. కనుకనే మత్స్యకారులు దీనిని పడవలకు పూసేవారు.

నూనెను బాగా కాచినప్పుడు ఆ ఆమ్లం విచ్ఛిన్నమై కార్డనాల్ ఏర్పడుతుంది. కార్డనాల్‌ను ఫార్మాల్డిహైడ్‌తో సంయోగం చెందిస్తే రెజిన్ తయారవుతుంది. దీనితో చేసిన వార్నిష్ కొయ్య పళ్లేలకు మెరుపును, తడి నుండి రక్షణను ఇస్తుంది. పూతకు ముందు పళ్లెం తేమ లేకుండా ఆరి ఉండాలి. దానిని ఉప్పు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, పలుచగా పూయాలి. ఒక పూత పూర్తిగా ఆరిన తరువాతనే మరొకటి వేయాలి. తొందరపడి మందంగా పూస్తే పైపొర మాత్రమే ఆరి, లోపల జిగురు నిలిచిపోతుంది.

జపానులో పాత్రలకు మెరుగుపూతనిచ్చే ఉరుషి చెట్టు కూడా జీడిమామిడి కుటుంబానిదే. ఆ చెట్టు పాలకు బదులుగా అక్కడ జీడి రెజిన్ సైతం వాడుకలోకి వచ్చింది.

పారవేయదగినదనుకొన్న పెంకు ఇలా సంపదగా మారుతున్నది. కొయ్యకు కవచమిచ్చే ఆ పిక్కను పగులగొట్టే చేతులకు కూడా తొడుగుల రక్షణ కల్పించడం కనీస ధర్మం.