బాడుగ బాకీ, నోటీసు, ఒక నెల గడువు

"ఒకటో తేదీకి ఇల్లు ఖాళీ చేయండి" అన్న మాట ఇంటి యజమాని నోట వినగానే చాలా కుటుంబాలు సామాను మూటగట్టడం మొదలుపెడతాయి. ఆ మాటకు చట్టంలో ఎంత బలమున్నదో ఎవరూ అడగరు. బాకీ ఉన్నందువలన సిగ్గు, రోగమున్నందువలన నీరసం, రెండూ కలిసి నోరు మూయిస్తాయి.

ఉదాహరణకు ఒక జంటను ఊహించుకొందాం. బేరికై వైపు పల్లెనుండి హోసూరు చేరి, నెలకు 6,000 రూపాయల బాడుగకు ఒక పోర్షనులో కాపురమున్నారు. 50,000 అడ్వాన్సు ఇచ్చారు. భర్త ఒక కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడు, జీతం 16,000. భార్య దుస్తుల కుట్టుపనికి పోయేది. భర్తకు వెన్నెముక శస్త్రచికిత్స జరిగి మంచాన పడ్డాడు. అతనికి సేవ చేయడానికి భార్య పని మానుకొన్నది. మెడలోని గొలుసు కుదువకు పోయింది, చీటీ మధ్యలో ఆగిపోయింది. నాలుగు నెలల బాడుగ, అంటే 24,000 రూపాయలు బాకీ పడింది. సరిహద్దు పల్లెలలో ఇటువంటి కథ తెలియని వీధి ఉండదు.

ఈ జంట మొదట చేయవలసిన పని బాడుగ లెక్క చూడటం కాదు, భర్త జీతపు చీటీ చూడటం. అందులో ఈఎస్ఐ పేరిట 0.75 శాతం కోత కనిపిస్తే అతడు బీమా కలిగిన కార్మికుడే. కాంట్రాక్టరు కింద పనిచేసినంత మాత్రాన ఆ హక్కు పోదు. 2017 జనవరినుండి నెల జీతం 21,000 మించనివారు ఈ పథకం కిందికి వస్తారు. చికిత్స సంగతి అందరికీ కొంత తెలుసు. తెలియనిది నగదు సంగతి. కార్మికుడు జబ్బుపడి పనికి పోలేని రోజులకు, సంవత్సరంలో 91 రోజుల వరకు, సగటు దినవేతనంలో 70 శాతం చెల్లిస్తారు. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా జమయి ఉండాలి, ఈఎస్ఐ వైద్యుని ధ్రువపత్రం ఉండాలి. పై ఉదాహరణలోని భర్తకు రోజుకు సుమారు 373 రూపాయల చొప్పున 91 రోజులకు దాదాపు 34,000 వస్తుంది. బాడుగ బాకీ 24,000 మాత్రమే అన్నది మరచిపోరాదు. క్షయ, క్యాన్సరు వంటి దీర్ఘవ్యాధులకయితే, మరికొన్ని షరతులకు లోబడి, 80 శాతం చొప్పున రెండేండ్ల వరకు పొడిగింపు ఉన్నది. జబ్బు భార్యదైతే ఆమెకు చికిత్స లభిస్తుంది గాని, భర్త పేరిట ఈ నగదు రాదు. ఆమె తానుగా బీమా కలిగిన కార్మికురాలయితే ఆమెకే వస్తుంది.

ప్రయివేటు ఆసుపత్రికి పరుగెత్తి, అప్పుచేసి, ఈఎస్ఐ వైద్యుని గడప తొక్కనివారికి ఈ ధ్రువపత్రం ఉండదు. ఇల్లు పోయే దారి చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

ఈఎస్ఐ లేని కూలీలకు, బాగలూరు పూలతోటలలో పనిచేసేవారికి తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం ఉన్నది. కుటుంబ వార్షికాదాయం 1,20,000 మించరాదు. సంవత్సరానికి కుటుంబానికి 5 లక్షల వరకు చికిత్స. ఇది పథకంలో చేరిన ఆసుపత్రులలో, నిర్ణీత చికిత్సలకు మాత్రమే చెల్లుతుంది. ముందు చేతినుండి చెల్లించి తరువాత రాబట్టుకొనే పథకం కాదు గనుక, చేర్చేముందే అడగాలి. రేషను కార్డు కుప్పం వైపు ఉన్నవారికి ఈ కార్డు దొరకదు. వారికి ఆంధ్రప్రదేశ్ వారి ఎన్టీఆర్ వైద్యసేవ, అనగా పూర్వపు ఆరోగ్యశ్రీ ఉన్నది. ఏ రాష్ట్రపు రేషను కార్డు ఎక్కడ ఉన్నదో తేల్చుకొనకుండా రెండు పక్కలా కాళ్ళుంచుకొన్న కుటుంబాలే ఆపదలో రెండింటికీ చెడుతున్నాయి.

ఇక ఇంటి సంగతి. 1960 నాటి పాత బాడుగ నియంత్రణ చట్టాన్ని తొలగించి, తమిళనాడులో 2017 నాటి కొత్త చట్టం 2019 ఫిబ్రవరి 22నుండి అమలులోకి వచ్చింది. యజమానుల, బాడుగదారుల హక్కులను, బాధ్యతలను క్రమబద్ధం చేసే చట్టమిది. దీని ప్రకారం ఒప్పందం సాగుతుండగా ఖాళీ చేయించే ఆజ్ఞ ఇవ్వవలసినది బాడుగ న్యాయస్థానం. యజమాని మాట గాని, వీధి పెద్దల పంచాయితీ గాని, తలుపుకు వేసిన తాళం గాని ఆజ్ఞ కాదు. నీరు, కరెంటు ఆపివేసి తరిమే పద్ధతిని చట్టం స్పష్టంగా నిషేధించింది. అట్లా ఆపితే బాడుగ అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. ఈయన డిప్యూటీ కలెక్టరు హోదాకు తగ్గని అధికారి. హోసూరు వారు సబ్ కలెక్టరు కార్యాలయంలో విచారించుకోవచ్చు.

అయితే బాకీ పెట్టి ఊరకే కూర్చోవచ్చునని దీనికి అర్థం కాదు. రెండు నెలల బాడుగ చెల్లించకపోవడం ఖాళీ చేయించడానికి తగిన కారణమే. యజమాని వ్రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు అందిన నెలలోగా బాకీ మొత్తం వడ్డీతో చెల్లిస్తే బాకీ కారణంగా ఖాళీ చేయించే ఆజ్ఞ రాదు. యజమానికే చెల్లించవచ్చు, న్యాయస్థానంలో జమ చేయనూవచ్చు. కాని ఒకసారి ఈ ఉపశమనం పొందినవారు ఆపైన సంవత్సరంలోగా వరుసగా రెండు నెలలు మళ్ళీ బాకీపడితే రెండవసారి ఆ అవకాశముండదు. కనుక ఆ నెలలో కొంత, వచ్చే నెలలో కొంత అని విడగొట్టక, అయినవారినుండి గాని ఈఎస్ఐ నగదునుండి గాని మొత్తం ఒకేసారి సమకూర్చుకోవాలి. మీటరు వడ్డీకి తెచ్చి కట్టడం మాత్రం పొయ్యిలోనుండి మంటలోకి దూకడమే. అటువంటి వడ్డీని తమిళనాడు 2003లోనే చట్టం చేసి నేరంగా ప్రకటించింది.

అడ్వాన్సు గురించి ఒక భ్రమ ఉన్నది. "మా 50,000 ఆయన దగ్గరే ఉన్నది కదా, అందులో పట్టుకొంటాడులే" అని బాడుగదారు అనుకొంటాడు. అడ్వాన్సు ఖాళీ చేసిన తరువాత బాకీలు మినహాయించి తిరిగి ఇవ్వవలసిన సొమ్ము. కాపురముండగానే దానిలో బాడుగ పట్టుకొనేందుకు యజమాని ఒప్పుకోవాలి, ఒప్పుకొంటే అది కాగితం మీద ఉండాలి. వేరే ఒప్పందం లేకుంటే మూడు నెలల బాడుగకు మించి అడ్వాన్సు తీసుకోరాదని కూడా చట్టంలో ఉన్నది. హోసూరులో ఎందరు దీనిని పాటిస్తున్నారో పాఠకులకు చెప్పనక్కరలేదు.

కాగితం లేకపోవడం బాడుగదారుకు మేలు కాదు. చట్టం చెప్పిన విధంగా ఒప్పందం కుదుర్చుకొనకపోవడం కూడా ఖాళీ చేయించే కారణాలలో ఒకటి. ఒప్పందాన్ని బాడుగ అధికారి వద్ద నమోదు చేయించాలి. ప్రతినెలా రసీదు అడిగి తీసుకోవాలి. అది బాడుగదారు హక్కు. కోపంతో యజమాని బాడుగ పుచ్చుకొనకపోతే, "ఆయనే వద్దన్నాడు" అని ఊరుకోరాదు. రెండు నెలలు మనీయార్డరు వంటి మార్గంలో పంపి, అప్పటికీ తీసుకోకపోతే బాడుగ అధికారి వద్ద జమచేయవచ్చు. గడువు ముగిసినా పాత ఒప్పందమే నెలనెలా సాగినట్లు భావిస్తారు గాని, అది ఆరు నెలలకు మించదు. కాబట్టి ముగింపు తేదీ చూచుకోవాలి.

అసలు చిక్కు ఆ తేదీని చదవడంలోనే ఉన్నది. ఒప్పందం తమిళంలో ఉంటుంది. తెలుగు బడిలో చదివిన తల్లిదండ్రులకు ఆ లిపి రాదు. 2006 నాటి చట్టం వలన పిల్లలు ఒకటవ తరగతినుండి తమిళం చదువుతున్నారు కనుక, పదేండ్ల పిల్ల కూర్చొని తండ్రికి నోటీసు చదివి వినిపిస్తున్నది. ఆ వయసున మోయవలసిన బరువు కాదది. పైగా "వాడగై", "నిలువై" అన్న పదాలు బాడుగ, బాకీ అని పిల్లకు తెలిసినా, గడువు ఏనాటినుండి లెక్కించాలో తెలియదు.

అందుకే ఉచిత న్యాయసహాయం సంగతి తెలిసి ఉండాలి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పారిశ్రామిక కార్మికులకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును నియమిస్తారు. పై జంటలో భార్య పేరిట అర్జీ పెట్టినా చాలు. కృష్ణగిరి జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థలో అడగవచ్చు, 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. వెళ్ళేటప్పుడు ఒప్పందం, రసీదులు, జీతపు చీటీలు, ఆసుపత్రి కాగితాలతోపాటు నోటీసు వచ్చిన కవరు కూడా తీసుకువెళ్ళాలి. కవరును చాలామంది పారవేస్తారు. నెల గడువు నోటీసు అందిన నాటినుండి లెక్కకు వస్తుంది కనుక, దానిమీది తపాలా ముద్ర తేదీ ఉపయోగపడుతుంది.