మన పసుపు అమెరికా వెళ్తోంది సరే, అక్కడ మన బ్రాండు ఎవరి పేరు మీద ఉంది?

పైన వీడియోలో పసుపు కొమ్ములు ఉడకబెట్టడం, ఎండబెట్టడం, పాలిష్, పొడి పట్టడం అన్నీ చూపించాను. వీడియోలో టైం చాలక వదిలేసిన విషయం ఒకటుంది. అదే ప్యాకెట్ మీద పేరు.

పోయినేడాది అమెరికాలో కిరాణా సరుకు దిగుమతి చేసే ఒకాయన మా పసుపు శాంపిల్ చూసి ఫోన్ చేశాడు. రేటు బాగానే చెప్పాడు. చివర్లో ఒక మాట అన్నాడు: "మీ బ్రాండు ఇక్కడ నా పేరు మీద రిజిస్టర్ చేయిస్తా, ఖర్చు నాదే, మీకెందుకండీ ఆ తలనొప్పి?" వినడానికి బాగుంది. కానీ లెక్క వేసి చూడండి. రెండేళ్లు పోయాక ఆయన ఇంకెక్కడో చవక పసుపు కొని అదే ప్యాకెట్లో పోస్తే, ఆపమనడానికి నా చేతిలో ఏముంటుంది? నేను మందు కొట్టకుండా పండించానని జనానికి తెలిసేది ఆ పేరు చూసే కదా. "ఖర్చు నేనే పెట్టుకుంటా, పేరు నా మీదే ఉంటుంది, మీరు అమ్ముకోవడానికి మాత్రం ఒప్పందం రాసుకుందాం" అన్నాను. ఆ బేరం ఇంకా నడుస్తూనే ఉంది. ఈలోపు నేను తెలుసుకున్నవి మీకూ పనికొస్తాయని రాస్తున్నా.

ముందు ఇక్కడ, తర్వాత అక్కడ

ఇండియాలో తీసుకున్న ట్రేడ్‌మార్క్ ఇండియా వరకే చెల్లుతుంది. అమెరికాకు విడిగా రక్షణ కావాలి. 2013 జులైలో మన దేశం మాడ్రిడ్ ఒప్పందంలో చేరింది కాబట్టి, ఇక్కడి దరఖాస్తును ఆధారం చేసుకుని మన ట్రేడ్‌మార్క్ ఆఫీసు ద్వారానే అమెరికాను కోరుకోవచ్చు. ఇక్కడ దరఖాస్తు వేసిన 6 నెలల్లోపు అక్కడా వేస్తే, మొదటి తేదీయే లెక్కకు వస్తుంది. ఒక జాగ్రత్త ఉంది. మొదటి 5 ఏళ్లలో ఇక్కడి మార్కు పడిపోతే, దాని మీద నిలబడ్డ అంతర్జాతీయ రిజిస్ట్రేషన్ కూడా పడిపోతుంది.

ఫీజు క్లాసును బట్టి ఉంటుంది. పసుపు, కారం, బియ్యం, తేనె 30వ క్లాసు. గానుగ నూనె, నెయ్యి, పచ్చళ్లు 29. విత్తనాలు, తాజా పండ్లు, కూరగాయలు 31. నేరుగా అమెరికాలో వేస్తే 2025 జనవరి నుంచి ఒక్కో క్లాసుకు 350 డాలర్లు. వకీలు ఖర్చు వేరే. అక్కడి ఆఫీసు అభ్యంతరం చెబితే, జవాబు ఇవ్వడానికి అమెరికా లైసెన్సు ఉన్న అటార్నీ ఉండాల్సిందే. ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకోండి.

పేరు ఎలాంటిది పెట్టాలి?

తెలుగు పేరు పెడితే వాళ్లకు అర్థం కాదులే అనుకోవద్దు. దరఖాస్తులో అర్థం ఇంగ్లీషులో రాయాలి. "మంచి పసుపు" అని పెడితే అది సరుకును వర్ణించే మాటే కాబట్టి అభ్యంతరం వస్తుంది. సరుకుతో సంబంధం లేని సొంత పేరైతే నిలబడుతుంది. రిజిస్ట్రేషన్ రాకముందు అక్కడ ప్యాకెట్ మీద గుండ్రటి సున్నాలో ఆర్ గుర్తు వేయకూడదు, టి.ఎం. అని వేసుకోవచ్చు.

వచ్చాక కాపాడుకోవడమే అసలు పని

అమెరికాలో రిజిస్టర్ అయిన తేదీ నుంచి 5, 6 ఏళ్ల మధ్య "ఈ పేరుతో సరుకు ఇంకా అమ్ముతున్నాం" అని ఆధారంతో డిక్లరేషన్ ఇవ్వాలి. గడువు దాటితే ఇంకో 6 నెలలు అదనపు ఫీజుతో అవకాశం ఉంటుంది. అదీ దాటితే రద్దే. మాడ్రిడ్ రెన్యువల్ పదేళ్లకు కదా అని కూర్చుంటే కుదరదు, ఈ డిక్లరేషన్ వేరు. వరసగా 3 ఏళ్లు అమ్మకపోతే పేరు వదిలేసినట్టే లెక్కగడతారు. అందుకే ఇన్‌వాయిస్‌లు, ప్యాకెట్ ఫొటోలు తేదీలతో దాచిపెట్టండి.

ఇంకో మాట. మీ పేరు రిజిస్టర్‌లో కనపడగానే సర్కారు ఉత్తరాల్లాంటివి వస్తాయి, ఇంత కట్టండని. కంగారుపడి కట్టేయకండి, ముందు మీ అటార్నీకి చూపించండి.

మరి పేటెంట్?

1995లో పసుపుతో గాయాలు మాన్పడం మీద అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కు పేటెంట్ ఇచ్చారు. మన సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాలు, పత్రికల్లో వచ్చిన వ్యాసాలు చూపించి పోరాడితే 1997లో రద్దయింది. వేపనూనె మీద యూరప్‌లో ఇచ్చిన పేటెంట్ 2000లో రద్దయింది, అప్పీలు కూడా 2005లో కొట్టేశారు. ముందే జనానికి తెలిసిన దానికి పేటెంట్ ఉండదు. ఇది వాళ్లకే కాదు, మనకూ వర్తిస్తుంది. మన పేటెంట్ చట్టం 3వ సెక్షన్ ప్రకారం సాగు పద్ధతికి, సంప్రదాయ జ్ఞానానికి పేటెంట్ రాదు. జీవామృతానికి పేటెంట్ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి.

మీరు కొత్త యంత్రం, పసుపు ఉడకబెట్టే బాయిలర్ లాంటిది కనిపెడితే మాత్రం సంగతి వేరు. ముందు దరఖాస్తు, తర్వాతే యూట్యూబ్. వీడియో పెట్టేశాక యూరప్‌లో అది కొత్తది కాదంటారు. ఇక్కడ ఉండేవాళ్లు ముందు ఇండియాలో వేసి 6 వారాలు ఆగాలి, లేదా బయట వేయడానికి అనుమతి తీసుకోవాలి. ఇక్కడ వేసిన 12 నెలల్లోపు విదేశాలకు వెళ్లాలి. అమెరికాలో పేటెంట్ వచ్చాక మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏళ్లకు ఫీజు కట్టాలి. కట్టకపోతే అది అందరిదీ అయిపోతుంది.

ఒక్కరికే భారమైతే ఎఫ్.పి.ఓ. పేరు మీద ఒకే బ్రాండు పెట్టుకుని ఖర్చు పంచుకోండి. ఎగుమతి ఒప్పందంలో మాత్రం ఈ మూడు ముక్కలు రాయించండి: పేరు మాది, మీకు అమ్ముకునే హక్కు మాత్రమే, ఒప్పందం అయిపోతే ఆ పేరు వాడకూడదు. సంతకం పెట్టేది ఆ తర్వాతే.