ఆ 825 ఎక్కడిది?

పోయిన వానాకాలం కరీంనగర్ నుంచి మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. సివిల్‌లో ఎంటెక్ చేస్తున్నాడు. ‘అన్నా, వరద లెక్కకు ఓ చిన్న ప్రోగ్రాం రాసియ్యవా?’ అన్నాడు. నేను చదివింది కంప్యూటర్లు. అయినా ఫార్ములా చేతిలో ఉంటే ఎంతసేపులే అనుకున్నా.

వాడు పంపిన పాత ఎక్సెల్ ఫైల్లో ఒకటే వరుస. వాగు పరీవాహక విస్తీర్ణానికి ముప్పావు ఘాతం కట్టి, 825తో గుణించాలి. ఫార్ములా పేరు లేదు, యూనిట్లు లేవు.

100 చదరపు కిలోమీటర్లు ఇచ్చి చూస్తే సెకనుకు 26 వేల ఘనపు మీటర్లని వచ్చింది. అంటే దాదాపు 9.2 లక్షల క్యూసెక్కులు! ప్రోగ్రాం ఎంత వెతికినా తప్పు దొరకలేదు. ఫోన్ స్పీకర్లో వింటున్న తాత నవ్వాడు. ఆయనది కడెం దిగువన ఊరు. ‘ఏందిరా, కడెం తెగిన్నాడు గూడ గన్ని నీళ్లు రాలే. ఒక్క వాగుకు అస్తయా?’

తాత మాట నిజం. 1958 ఆగస్టులో అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని కడెం ప్రాజెక్టుకు సుమారు 5.2 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. నీళ్లు కట్ట మీంచి పొర్లి, ఎడమవైపు 137 మీటర్ల గండి పడింది. 2022 జులైలోనూ వరద 5 లక్షలు దాటింది. 18 గేట్లలో ఒకటి లేవలేదు. దిగువ ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. వరద లెక్క అంటే ఉత్త మార్కుల లెక్క కాదన్నమాట.

ఇంతకీ తప్పెక్కడ? అది 1865 నాటి డికెన్స్ ఫార్ములా. 825 అనే గుణకం చదరపు మైళ్లకు, క్యూసెక్కులకు సంబంధించింది. కిలోమీటర్లు, ఘనపు మీటర్లలోకి మారిస్తే అది సుమారు 11.4 అవుతుంది. అప్పుడు మా వాగుకు వచ్చేది 360 ఘనపు మీటర్లే. జవాబు 72 రెట్లు తప్పింది!

అక్కడితో అయిపోలేదు. ఈ గుణకం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మధ్య భారతానికి 14 నుంచి 28 దాకా అని పాఠ్యపుస్తకాలు చెప్తాయి. 14 పెడితే 443, 28 పెడితే 885. ఒకే వాగు, రెట్టింపు వరద! మద్రాసు వైపు వాగులకు 1884లో రైవ్స్ ఇంకో ఫార్ములా కట్టాడు. మన హైదరాబాద్ దక్కన్ ప్రాంతానికైతే నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరుతోనే ఒకటుంది. ఆయన పుట్టిన జులై 11నే తెలంగాణ ఇంజినీర్స్ డే జరుపుకుంటున్నాం.

న్యూటన్ సూత్రం వాడితే ఎవరూ ఆధారం అడగరు. అది ఎక్కడైనా ఒకటే. కానీ ఇలాంటివి ఫలానా నేల మీద, ఫలానా వానల లెక్కలతో పుట్టినవి. అందుకే పరిశోధనలో వాడేటప్పుడు నాలుగు సంగతులు రాయాలి. ఫార్ములా ఎవరిది? గుణకం ఏ పుస్తకంలో, ఏ పేజీలోది? యూనిట్లేమిటి? మన ప్రాంతానికి అదే ఎందుకు? వీలైతే నిజంగా వచ్చిన వరదతో పోల్చి చూడాలి. ‘అందరికీ తెలిసిందే కదా’ అని వదిలేస్తే, తర్వాత చదివేవాడికి తప్పు పట్టుకునే దారే ఉండదు.

తమ్ముడు థీసిస్‌లో ఆ నాలుగూ రాశాడు. ఒక్క జవాబు కాకుండా తక్కువ, ఎక్కువ అంచనాలు రెండూ చూపించాడు. నేనూ ప్రోగ్రాంలో ప్రతి అంకె పక్కన అది ఎక్కడిదో రాసిపెట్టా. మీరు కూడా ఏదైనా పాత ఫైల్లోంచి అంకె తీసుకుంటుంటే, ముందు దాని ఊరు, పేరు అడగండి.