ఆకలికి దారి చూపే యాప్

పరాయి ఊరిలో బస్సు దిగిన బాటసారికి మొదట కలిగే సందేహం "ఇక్కడ మంచి భోజనం ఎక్కడ దొరుకుతుంది?" అన్నదే. పూర్వం ఈ ప్రశ్నకు రిక్షా కార్మికుడో, కిళ్లీకొట్టు యజమానియో సమాధానం చెప్పేవాడు. అడిగినవాని వాలకం చూసి, జేబు బరువును అంచనా కట్టి, "ఆ సందులో మెస్సు ఉంది, పప్పు బాగుంటుంది బాబూ" అని దారి చూపేవాడు. నేడు ఆ బాధ్యతను సెల్‌ఫోన్ స్వీకరించింది. అయితే ఊరెరిగిన మనిషికి తెలిసినదంతా యంత్రానికి నేర్పడం ఎలా? నేర్పడంలో పొరపాటు జరిగితే నష్టపోయేదెవరు? హ్యాకథాన్‌లో ఇటువంటి యాప్‌ను నిర్మించే విద్యార్థులు ఈ ప్రశ్నలను తప్పక ఎదుర్కొంటారు.

'హ్యాక్', 'మారథాన్' అనే రెండు మాటల కలయిక హ్యాకథాన్. ఇక్కడ హ్యాక్ అంటే ఇతరుల కంప్యూటర్లలోకి చొరబడడం కాదు. చాకచక్యంతో ప్రోగ్రాము రచించి చిక్కును విడదీయడం. 1999 జూన్ నెలలో కెనడాలోని కాల్గరీ నగరంలో ఓపెన్ బీఎస్‌డీ అనే సాఫ్ట్‌వేరును అభివృద్ధి చేసే పదిమంది ఒకచోట చేరి పని చేశారు. ఈ పేరుతో జరిగిన తొలి సమావేశాలలో అది ఒకటి. మన దేశంలో 2017లో స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ ప్రారంభమైంది. అందులో ఆరుగురు సభ్యుల విద్యార్థి బృందాలు 36 గంటలపాటు ఎడతెగక శ్రమించి, తమ పరిష్కారాలను న్యాయనిర్ణేతల ముందుంచాయి.

విజయవాడలో ఒక విద్యార్థి బృందం ఇటువంటి పోటీలో పాల్గొంటున్నదని భావిద్దాం. వారు చేయవలసిన మొదటి పని సమస్యను కుదించుకోవడం. నగరంలోని హోటళ్లన్నిటిని చూపాలనుకుంటే సమయం చాలదు. "బస్సు దిగిన ప్రయాణికుడికి నడిచి వెళ్లగల దూరంలో, ఇప్పుడు తెరచి ఉన్న హోటలును చూపాలి" అని నిర్ణయించుకుంటే పని సుకరమవుతుంది. 'ఇప్పుడు తెరచి ఉన్న' అనే మాట ముఖ్యమైనది. ఉదయం, సాయంత్రం మాత్రమే నడిచే టిఫిను సెంటరును మధ్యాహ్నం మూడు గంటలకు చూపితే ఆకలి తీరదు. యాప్ మీద నమ్మకం పోతుంది.

రెండవది సమాచార సేకరణ. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ ఇందుకు ఉపకరిస్తుంది. స్వచ్ఛంద కార్యకర్తలు రూపొందించిన ఈ పటాన్ని, మూలాన్ని పేర్కొని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కాని వంటకాల పేర్లు చిక్కు తెచ్చిపెడతాయి. ఆంగ్ల లిపిలో ఇడ్లీని ఇద్దరు రెండు విధాలుగా వ్రాస్తారు. అవి రెండూ ఒకటేనని మనిషికి తెలుసు. యంత్రానికి మనమే చెప్పాలి.

మూడవది దూరం. ఫోను ఉపగ్రహాల సంకేతాల ఆధారంగా తానున్న చోటి అక్షాంశ రేఖాంశాలను తెలుసుకుంటుంది. వాటి నుండి రెండు స్థలాల మధ్య సూటి దూరాన్ని గణించవచ్చు. అయితే విజయవాడ గుండా ఏలూరు, బందరు, రైవస్ కాలువలు ప్రవహిస్తున్నాయి. కాలువకు ఆవలి గట్టున ఉన్న హోటలు లెక్కలో దగ్గరగానే ఉన్నా, వంతెన వరకు చుట్టి వెళ్లక తప్పదు. కావున సూటి దూరాన్ని కాక నడిచే దారిని లెక్కించాలి.

నాలుగవది, అన్నిటికంటె సున్నితమైనది, మంచిచెడ్డల నిర్ణయం. ఒక హోటలుకు ఇద్దరే మార్కులు వేశారు. ఇద్దరూ అయిదుకు అయిదు ఇచ్చారు. మరొక హోటలుకు 200 మంది వేయగా సగటు 4.4 వచ్చింది. సగటునే నమ్మితే మొదటిదే ఉత్తమం. ఆ ఇద్దరూ యజమాని బంధువులైతే? అందుకే నిపుణులు ఒక ఉపాయం పాటిస్తారు. నగర సగటు 3.8 అనుకుంటే, ప్రతి హోటలుకు ఆ విలువతో పది ఊహా ఓట్లను కలుపుతారు. అప్పుడు మొదటి హోటలు మొత్తం 48 మార్కులను 12తో భాగించగా 4.0 వస్తుంది. రెండవ దాని మొత్తం 918ని 210తో భాగించగా సుమారు 4.37 వస్తుంది. ఎక్కువ మంది అభిప్రాయానికి తగిన విలువ దక్కుతుంది.

ఈ ఉపాయంలోనూ ఒక అన్యాయం దాగి ఉంది. ఆ ఇద్దరూ నిజాయితీపరులే కావచ్చు. ఆ హోటలు నిన్ననే తెరచిన మంచి మెస్సు కావచ్చు. జాబితాలో అడుగున ఉంటే ఎవరూ వెళ్లరు; ఎవరూ వెళ్లకపోతే ఓట్లు రావు; ఓట్లు రాకపోతే పైకి రాదు. కావున వివేకవంతమైన బృందం జాబితాలో ఒక స్థానాన్ని అంతగా పేరెరుగని హోటళ్లకు వంతులవారీగా కేటాయిస్తుంది. రుచి చూసే అవకాశం తినేవారికి, నిరూపించుకునే అవకాశం వండేవారికి లభిస్తాయి.

ఇంకా మిగిలినది పటంలోనే లేని వారి సంగతి. బోర్డు లేని బజ్జీల బండి, ఇంటి అరుగు మీద దోసెలు పోసే అవ్వ ఏ పటంలోనూ కనిపించకపోవచ్చు. వారు బాగా వండకపోవడం దీనికి కారణం కాదు; వారి వివరాలను ఎవరూ నమోదు చేయకపోవడమే కారణం. బృందంలో ఒకరు రెండు గంటల సేపు కంప్యూటరు ముందు నుండి లేచి, నోటుపుస్తకం పట్టుకొని వీధులు తిరిగితే ఈ లోపం కొంత తీరుతుంది. వారి అనుమతితో చోటును, వేళలను, ధరలను వ్రాసుకొని రావాలి. విద్యార్థులు ప్రోగ్రాము రచనతో పాటు ఈ పనినీ నేర్చుకోవాలి. జాబితాలో చేరే ఒక్కొక్క పేరు వెనుక ఒక కుటుంబపు జీవనోపాధి ఉన్నదని గుర్తించినప్పుడే, వారు నిర్మించే యాప్ నాటి కిళ్లీకొట్టు యజమాని వలె ఆకలిగొన్నవానికి సరియైన దారి చూపగలుగుతుంది.