పెద్ద జంతువుకు పెద్ద తుపాకి ఎందుకు?

ఏనుగు తల ఎంత పెద్దదైనా, అందులో మెదడు ఉండే చోటు చిన్నది. తేనెపట్టువలె గదులు గదులుగా ఉన్న మందమైన ఎముక దానిని కప్పి ఉంచుతుంది. గుండు ఆ ఎముకను తిన్నగా దాటి మెదడును చేరితే జంతువు ఉన్నచోటనే కూలిపోతుంది. చేరకపోతే గాయపడిన ఏనుగు వేటగానిపై విరుచుకుపడవచ్చును. లేదా అడవిలోనికి పోయి రోజుల తరబడి బాధపడి చావవచ్చును. కనుక పెద్ద జంతువుల వేటకు తుపాకిని ఎన్నుకోవడం భౌతికశాస్త్రానికి సంబంధించిన సమస్య.

19వ శతాబ్దిలో ఆఫ్రికాలోను, సింహళంలోను ఏనుగులను వేటాడినవారు 'నాలుగు బోరు' తుపాకులను వాడినారు. ఆ గొట్టంలో సరిపోయే సీసపు గుండ్లు నాలుగు కలిస్తే ఒక పౌను తూగుతవి. అనగా ఒక్కొక్కటి సుమారు 113 గ్రాములు. నల్ల తుపాకిమందుతో గుండుకు ఎక్కువ వేగం రాదు. వేగం పెరగనప్పుడు బరువు పెంచడమే ఉపాయం. 1889లో బ్రిటన్‌లో కార్డైటు అనే పొగరాని మందు వచ్చిన తరువాత పరిస్థితి మారినది. సన్నని, పొడవైన గుండ్లను అంతకు ముందు ఊహించని వేగంతో పంపడం సాధ్యమైనది.

ఇప్పుడు మూడు ప్రసిద్ధ తూటాలను పోల్చి చూద్దాం. పేరులోని అంకె గొట్టం వ్యాసాన్ని ఇంచుమించుగా అంగుళాలలో తెలుపుతుంది. కొలతలన్నీ ఉజ్జాయింపువి.

.275 : గుండు 11.2 గ్రాములు, వేగం సెకనుకు 700 మీటర్లు, గతిజశక్తి 2,740 జౌళ్లు.
.375 : గుండు 19.4 గ్రాములు, వేగం 770 మీటర్లు, గతిజశక్తి 5,750 జౌళ్లు.
.470 : గుండు 32.4 గ్రాములు, వేగం 655 మీటర్లు, గతిజశక్తి 6,950 జౌళ్లు.

గతిజశక్తిని మాత్రమే చూస్తే మొదటిది చివరిదానిలో సగమైనా లేదు. అయినను స్కాట్లండు దేశీయుడైన డబ్ల్యు. డి. ఎం. బెల్ (1880–1954) తన జీవితంలో చంపిన వెయ్యికి పైగా ఏనుగులలో చాలావాటిని .275 తోనే కూల్చినాడు. ఇది ఎట్లా సాధ్యమైనది?

గుండు ఎంత లోతుకు దిగుతుందో శక్తి ఒక్కటే నిర్ణయించదు. సూది, మేకు విషయం ఆలోచించండి. ఒకే బలంతో నొక్కినా సన్నని సూది లోతుగా దిగుతుంది. గుండు బరువును దాని మధ్యచ్ఛేద వైశాల్యంతో భాగిస్తే చదరపు మిల్లీమీటరుకు .275లో 0.275 గ్రాములు, .375లో 0.273, .470లో 0.284 వస్తుంది. మూడూ ఇంచుమించు సమానమే! నాలుగు బోరు సీసపు గుండుకు మాత్రం ఇది 0.20 మాత్రమే. పైగా మెత్తని సీసం ఎముకకు తగిలి చితికిపోతుంది. బెల్ వాడినది గట్టి లోహపు తొడుగుగల, మొన గుండ్రనైన గుండు. అంతేకాదు, ఏనుగు పుర్రెను కోసి మెదడు ఉన్న స్థానాన్ని అతడు స్వయంగా పరిశీలించినాడు.

అట్లయితే చిన్న తుపాకి చాలునా? చాలదు. బెల్ గురి అందరికీ ఉండదు. గాయపడిన అడవిదున్న పొదలలోనుండి ఎదురుగా దూకి వచ్చినప్పుడు గురి చూచుకొనే వ్యవధి ఉండదు. అప్పుడు బరువైన గుండు పెద్ద ఎముకలను విరిచి, దారి తప్పకుండా ముందుకు పోతుంది. వెడల్పైన గాయం చేస్తుంది. కొద్దిపాటి పొరపాటును అది సరిదిద్దగలదు. ఈ కారణంచేతనే ఆఫ్రికాలో వేటను అనుమతించే పలు దేశాలలో ప్రమాదకరమైన జంతువులకు .375 లేదా దానికి దగ్గర కొలతను కనీస ప్రమాణంగా విధించినారు.

మరి గొట్టాన్ని ఇంకా పెంచుకుంటూ పోకూడదా? ఇక్కడ న్యూటన్ మూడవ నియమం అడ్డు వస్తుంది. గుండు ముందుకు పోయినప్పుడు తుపాకి వెనుకకు తన్నుతుంది. 5 కిలోల .470 రైఫిలు, గుండు ద్రవ్యవేగంవల్లనే సెకనుకు 4.2 మీటర్ల వేగంతో భుజాన్ని తాకుతుంది. దాని శక్తి 45 జౌళ్లు. 5 కిలోల బరువు 90 సెంటీమీటర్ల ఎత్తునుండి పడినట్లే. 3.5 కిలోల .275 రైఫిలు తాకిడి 9 జౌళ్లు మాత్రమే. గొట్టంనుండి వెలువడే వాయువులు ఈ రెండింటినీ ఇంకా పెంచుతవి. దెబ్బకు భయపడిన వేటగాడు మీట నొక్కే క్షణంలో కళ్లు మూసుకొని భుజం బిగించుకుంటాడు, గురి తప్పుతుంది. తప్పిన పెద్ద గుండుకంటే సరిగా తగిలిన చిన్న గుండే మేలు. కాబట్టి చట్టం విధించిన కనీస ప్రమాణానికి తగ్గకుండా, తాను జంకకుండా కాల్చగల తుపాకులలో పెద్దదే వేటగానికి తగినది.

మన దేశంలో ఈ ప్రశ్న ఇక తలెత్తదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమూ, దాని సవరణలూ ఏనుగు, పులి, అడవిదున్నల వేటను నిషేధించినవి. అయితే ద్రవ్యవేగం, గతిజశక్తి వేరువేరు రాశులని బోధించడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం. ఉపాధ్యాయులు పై మూడు తూటాల ద్రవ్యవేగాలను విద్యార్థులచేత లెక్క కట్టించవచ్చును. .375 రైఫిలు బరువు 4 కిలోలైతే అది భుజాన్ని ఎంత వేగంతో తాకునో వారే కనుగొనగలరు.