ఫుట్‌బాల్ ప్రధాన శిక్షకుడి ఎంపికలో ఏం చూడాలి? మూడు నియామకాలు చెప్పే పాఠాలు

న్యూఢిల్లీ: భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు ప్రధాన శిక్షకుడి పదవికి 2025 జులైలో 170 దరఖాస్తులు వచ్చాయి. ఢిల్లీలోని ద్వారకలో ప్రధాన కార్యాలయం ఉన్న అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు బార్సిలోనా మాజీ శిక్షకుడు చావి, మాంచెస్టర్ సిటీ శిక్షకుడు పెప్ గార్డియోలా పేర్లతోనూ ఈమెయిళ్లు అందాయి. అవి అసలైనవి కావని సమాఖ్య అనంతరం స్పష్టం చేసింది. ఐ.ఎం. విజయన్ నేతృత్వంలోని సాంకేతిక కమిటీ ఖాలిద్ జమీల్, స్టీఫెన్ కాన్‌స్టాంటైన్, స్టెఫాన్ టార్కోవిచ్ పేర్లతో తుది జాబితా రూపొందించింది. ఆగస్టు 1న జమీల్‌ను సమాఖ్య ఎంపిక చేసింది.

2024 జూన్ నుంచి లెక్కిస్తే పద్నాలుగు నెలల్లో ఆ పదవిలో ముగ్గురు మారారు. ఇగోర్ స్టిమాచ్, మనోలో మార్క్వెజ్, జమీల్ ముగ్గురికీ చెప్పుకోదగిన అనుభవం ఉంది. అయినా ఇంత త్వరగా మార్పులు ఎందుకు అవసరమయ్యాయి? శిక్షకుడిని నియమించే ముందు ఏ అంశాలను పరిశీలించాలో ఈ మూడు ఉదంతాలే చెబుతాయి.

పని ఏమిటో ముందు తేల్చుకోవాలి

క్లబ్బు శిక్షకుడికి ఆటగాళ్లు ప్రతిరోజూ అందుబాటులో ఉంటారు. ఆటతీరులో ఒక లోపం కనిపిస్తే వారాల తరబడి సాధన చేయించి సరిదిద్దవచ్చు. అవసరమైన ఆటగాడిని కొనుగోలు చేయవచ్చు, విదేశీయులను జట్టులోకి తీసుకోవచ్చు. జాతీయ జట్టు శిక్షకుడికి ఆ వెసులుబాటు లేదు. ఫిఫా కేటాయించిన కొద్ది రోజుల్లోనే ఆటగాళ్లు చేతికందుతారు. ఒకటి రెండు శిక్షణ శిబిరాలతోనే జట్టును సిద్ధం చేయాలి.

మార్క్వెజ్ హైదరాబాద్ ఎఫ్‌సీకి 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ టైటిల్ అందించి తెలుగువారికి సుపరిచితుడయ్యారు. ఆ క్లబ్బే 2025లో ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. క్లబ్బు స్థాయిలో అంతటి విజయం సాధించిన మార్క్వెజ్ నేతృత్వంలో జాతీయ జట్టు ఎనిమిది మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచింది. మాల్దీవులపై 3-0తో లభించిన ఆ ఒక్క గెలుపు తప్ప మిగిలినవన్నీ డ్రాలు, ఓటములే. ఆయన సామర్థ్యం ఏడాదిలో అడుగంటిందని దీని అర్థం కాదు. ఒక పనిలో రుజువైన నేర్పు వేరొక పనికి యథాతథంగా బదిలీ కాదు.

విజయాలను వనరులతో కలిపి తూచాలి

ట్రోఫీల సంఖ్య ఒక్కటే కొలమానమైతే సంపన్న క్లబ్బుల శిక్షకులదే ఎప్పుడూ పైచేయి అవుతుంది. శిక్షకుడు ఎలాంటి జట్టును చేపట్టారు, దాన్ని ఎంతవరకు తీసుకువెళ్లారు అన్నది అసలు ప్రశ్న. 2015-16 ఐ-లీగ్‌లో దిగువ స్థానంలో నిలిచి, ఆ లీగ్‌లో తిరిగి చోటు దక్కించుకున్న ఐజ్వాల్ ఎఫ్‌సీని జమీల్ మరుసటి ఏడాదే విజేతగా నిలిపారు. పరిమిత వనరులతో పనిచేయవలసిన జాతీయ జట్టుకు ఇటువంటి అనుభవం ఎంతో విలువైనది.

అర్హత పత్రాల పరిశీలన కూడా ముఖ్యమే. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య శిక్షకులకు సి, బి, ఎ స్థాయిల అనంతరం ఇచ్చే ప్రో లైసెన్సు అన్నింటికంటే ఉన్నతమైనది. అయితే లైసెన్సు కనీస అర్హతే. దరఖాస్తుదారుడు ఇటీవల ఓడిన మ్యాచ్‌లను ముందుంచి, ఎక్కడ తప్పు జరిగింది, మళ్లీ ఆడితే ఏం మారుస్తారని అడిగితే లభించే సమాధానం అంతకంటే ఎక్కువ చెబుతుంది.

పూర్తి సమయం, స్పష్టమైన ఒప్పందం

2024 జులైలో మార్క్వెజ్‌ను మూడేళ్లకు నియమించినప్పుడు, 2024-25 సీజన్‌లో ఎఫ్‌సీ గోవా శిక్షకుడిగానూ కొనసాగేందుకు సమాఖ్య అంగీకరించింది. ఏడాది తిరగకముందే ఉభయులూ విడిపోయారు. రెండు బాధ్యతల వల్లనే ఫలితాలు దెబ్బతిన్నాయని ఖాయంగా చెప్పలేకపోయినా, క్లబ్బు ఆటగాళ్ల మధ్య ఎంపిక చేయవలసిన వ్యక్తి వారిలో ఒక క్లబ్బుకే శిక్షకుడిగా ఉండటం నిష్పాక్షికతపై సందేహాలకు తావిస్తుంది. జమీల్ విషయంలో పూర్తికాల ఒప్పందం కుదిరింది. ఆయన జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ నుంచి వైదొలిగారు.

ఒప్పందంలో ప్రవేశ షరతులెంత ముఖ్యమో నిష్క్రమణ షరతులూ అంతే ముఖ్యం. స్టిమాచ్ పదవీకాలాన్ని 2023 అక్టోబరులో 2026 వరకు పొడిగించారు. 2024 జూన్ 11న ఖతార్ చేతిలో 1-2తో ఓడి ప్రపంచకప్ అర్హత పోటీల నుంచి భారత్ నిష్క్రమించగానే ఆయనను తొలగించారు. తదనంతర వివాదం సుమారు 4 లక్షల డాలర్ల పరిహారంతో ముగిసింది. ఏ లక్ష్యం చేరకపోతే ఒప్పందం ఎలా ముగుస్తుంది, ఎంత చెల్లించాలన్నది సంతకాలకు ముందే రాతపూర్వకంగా ఉంటే ఉభయులకూ క్షేమం.

ఓటమి నుంచి నేర్చుకునే గుణం

ఈ గుణానికి ఉదాహరణ హైదరాబాద్‌లోనే లభిస్తుంది. ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును దేశంలోనే మేటిగా తీర్చిదిద్దారు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలో భారత్ స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా 10-1తో చిత్తు చేసింది. చలిలో మన ఆటగాళ్లలో పలువురు బూట్లు లేకుండానే ఆడారు.

నేటి కొలమానం ప్రకారం ఆ ఓటమితోనే రహీమ్ కథ ముగిసేది. కానీ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టే సెమీఫైనల్ చేరి నాలుగో స్థానం సాధించింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో, తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ ముందువరుసలో ఆడించారు. ఆయన గోల్ చేయగా భారత్ 2-1తో దక్షిణ కొరియాను ఓడించింది. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీమ్ 1963లో కన్నుమూశారు.

ఫలితాన్ని ఎలా బేరీజు వేయాలి?

జమీల్ నేతృత్వంలో జట్టు 2025 సెప్టెంబరులో కాఫా నేషన్స్ కప్‌లో మూడో స్థానం పొందింది. అక్టోబరు 14న సింగపూర్ చేతిలో 1-2తో ఓడి 2027 ఆసియా కప్‌కు అర్హత కోల్పోయింది. ఆయన బాధ్యత చేపట్టేనాటికి ఆ అర్హత పోటీల్లో భారత్ ఖాతాలో రెండు మ్యాచ్‌లకు ఒక్క పాయింటే ఉంది. ఈ రెండో వాస్తవాన్ని విస్మరించి మొదటిదానితోనే తీర్పు చెబితే, తదుపరి శిక్షకుడి ఎంపికలోనూ పాత పొరపాటే పునరావృతమవుతుంది. శిక్షకుడి పనితీరుతోపాటు అతడికి ఇచ్చిన సమయాన్నీ, ఆటగాళ్లనూ, లక్ష్యాలనూ కలిపి సమీక్షించడం నియమించినవారి బాధ్యత.