ఎడారి బాటను ముందుగా నడిచి చూడటం: అపోహలు – వాస్తవాలు

అమెరికా నైరుతి మూలనున్న ఆరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నగరానికి తూర్పున లేచిన సూపర్‌స్టిషన్ పర్వతాలకైనా, చుట్టూ పరచుకున్న సొనోరన్ ఎడారిలోని మరే బాటకైనా సభ్యులను వెంటబెట్టుకొని బయలుదేరే ముందు, నడక సంఘాలు, అంటే హైకింగ్ క్లబ్బులు, ఒకరిద్దరు అనుభవజ్ఞుల చేత ఆ బాటను నడిపించి చూసుకుంటాయి. స్కౌటింగ్ అని పిలిచే ఈ పని పైకి తేలికగా కనిపించడం వల్లనే దాని చుట్టూ అపోహలు పేరుకున్నాయి. ఫీనిక్స్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా చలికాలపు వారాంతాల్లో ఈ కొండల దారి పడుతుంటాయి కనుక అవి తెలుగు పాఠకులకు పూర్తిగా పరాయి సంగతులు కావు.

అపోహ: దారి తప్పకుండా గమ్యం చేరి తిరిగి రాగలిగితే స్కౌటింగ్ పూర్తయినట్లే.

దారి కనుక్కోవడం ఈ పనిలో చిన్న భాగం. సూపర్‌స్టిషన్ పర్వతాల్లో ఎక్కువమంది నడిచే పెరాల్టా బాటనే తీసుకుంటే, మొదలు నుంచి ఫ్రీమాంట్ శాడిల్ అనే కనుమ వరకు అది దాదాపు 4 కిలోమీటర్లు సాగి, సుమారు 400 మీటర్ల ఎత్తు ఎక్కుతుంది. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ప్రకారం గంటకు 5 కిలోమీటర్ల చొప్పున సమతల దూరాన్నీ, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా ఒక గంటనూ కలుపుకుంటే, ఈ నడకకు గంటన్నర పడుతుంది. తేలికైన సంచితో ఒంటరిగా నడిచే అనుభవజ్ఞుడికి ఈ లెక్క సరిపోవచ్చు గాని, పన్నెండు మంది గుంపుకు ఎంతమాత్రం సరిపోదు. ఒకరు బూటులో చేరిన రాయి తీసుకోవడానికి ఆగితే అందరూ ఆగవలసిందే, ఇరుకైన బండల దగ్గర ఒక్కొక్కరే దిగవలసిందే. కనుక స్కౌట్ తన గడియారంతో పాటు, అందరికంటే నెమ్మదిగా నడిచే సభ్యుడి కాళ్లనూ మనసులో పెట్టుకొని నడవాలి. బాట రెండుగా చీలే ప్రతి చోటా వెనుకబడినవారి కోసం ఆగేందుకు స్థలం ఉందా, ఉదయం తొమ్మిదింటికి నీడనిచ్చిన బండ తిరుగు ప్రయాణపు వేళకు కూడా నీడనిస్తుందా, ఎన్ని గంటలు దాటితే శిఖరం కనుచూపు మేరలో ఉన్నా వెనుదిరగాలి అన్నవి అతడు పుస్తకంలో రాసుకోవలసిన విషయాలు. వీటితో పాటు తలల లెక్క కూడా ఉంది: చట్టం కింద రక్షణ పొందిన సూపర్‌స్టిషన్ అరణ్య ప్రాంతంలో ఒక గుంపులో 15 మందికి మించి ఉండరాదు. ఈ నిబంధన తెలియక ముప్పై మందిని పిలిచిన సంఘానికి ఎంత చక్కటి దారిపటం ఉన్నా ప్రయోజనం లేదు.

అపోహ: నిరుడు నడిచిన బాటను ఈ ఏడు మళ్లీ చూడనక్కరలేదు.

2019 జూన్‌లో రేగిన వుడ్‌బరీ కార్చిచ్చు ఈ పర్వతాల్లోనూ చుట్టుపక్కలా దాదాపు 1,24,000 ఎకరాలను కాల్చింది. మంట ఆరడంతో మార్పు ఆగదు: మట్టిని పట్టి ఉంచే వేళ్లు కాలిపోయిన వాలు మీద తరువాతి వానలు గాళ్లు తీసి, బాటను రాళ్ల కింద పూడ్చవచ్చు, కాలిన చోట్ల ముళ్లపొదలు తిరిగి దట్టంగా లేచి దారిని కమ్మవచ్చు. పిల్లిగోరు వంటి వంకర ముళ్లతో బట్టలను పట్టి లాగే క్యాట్‌క్లా అనే పొద మన తుమ్మలకు దగ్గరి చుట్టం. ఎడారి వాగుల ఒడ్డున పెరిగే మెస్కీట్ చెట్టు తెలంగాణ పల్లెల్లో సర్కారు తుమ్మగా పిలిచే చెట్టుకు సోదర జాతి. ఆ ముళ్లను ఎరిగినవారికి, అర కిలోమీటరు పొదను చీల్చుకొని నడవడం ఎంత సమయం తింటుందో వేరుగా చెప్పనక్కరలేదు.

కార్చిచ్చు రాకపోయినా ఎడారి బాట స్థిరంగా ఉండదు. వాన పడ్డప్పుడు మాత్రమే పారే ఇసుక వాగులను అక్కడ వాష్‌లంటారు. చాలా బాటలు వాటి గుండానే సాగుతాయి గనుక, ఒక్క వరదతో నిన్నటి అడుగుజాడలు మాయమవుతాయి. రాయి మీద రాయి పేర్చి దారి గుర్తుగా నిలిపే కెయిర్న్‌లను నమ్మవచ్చు గాని కళ్లు మూసుకొని నమ్మరాదు, ఎందుకంటే దారి తప్పినవారు కూడా వాటిని పేరుస్తారు.

అపోహ: తలపై ఆకాశం నిర్మలంగా ఉంటే వాగు వల్ల ప్రమాదం లేదు.

ఆరిజోనా ఉత్తర కొసన, నవాహో జాతి ప్రజల భూభాగంలో ఉన్న యాంటెలోప్ క్యాన్యన్ అనే ఇరుకు లోయలో 1997 ఆగస్టు 12న వచ్చిన ఆకస్మిక వరద పదకొండు మందిని బలిగొన్నది; ఆ నీరంతా ఎగువన మైళ్ల దూరంలో కురిసిన గాలివానది, లోయ దగ్గర మాత్రం వాన దాదాపు లేదు. బండనేల, గట్టిపడిన ఎడారి మట్టి నీటిని వేగంగా ఇంకించుకోలేవు గనుక, పడిన నీరు పడినట్లే వాలుకు పరుగెత్తి ఇరుకు చోట గోడలా లేస్తుంది. అందుచేత స్కౌట్ చూడవలసింది లోయకు నీరిచ్చే ఎగువ ప్రాంతం ఎంత విశాలమైనదో, లోయలో ఏ ఏ చోట్ల గట్టెక్కగలమో అన్నది. ఆరిజోనాలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 వరకు వానాకాలంగా లెక్కిస్తారు. ఆశ్చర్యంగా తోచినా దానిని మాన్సూన్ అనే పిలుస్తారు.

అపోహ: రోహిణి కార్తె ఎండలు చూసినవారికి ఈ వేడి ఒక లెక్క కాదు.

కోస్తా ఉక్కలో చెమట ఒంటి మీద కారుతూ కనిపిస్తుంది. ఎడారి పొడి గాలిలో అది పుట్టగానే ఆవిరైపోతుంది గనుక, ఎంత నీరు పోయిందో తెలియదు, పొడిగా ఉన్న చొక్కా మనిషిని మోసం చేస్తుంది. పైగా వేడికి అలవాటుపడిన శరీరం కొన్ని వారాలు చల్లని గదుల్లో గడిపితే ఆ అలవాటును చాలావరకు కోల్పోతుంది. అలాగని నీరు తాగుతూ పోతే చాలునన్న నమ్మకమూ ప్రమాదకరమే: ఉప్పు అందకుండా అతిగా నీరు తాగితే రక్తంలో సోడియం పలచబడి, తలనొప్పి, వాంతులు, తికమక కలుగుతాయి, ఈ స్థితిని హైపోనాట్రీమియా అంటారు. మన పెద్దలు మజ్జిగలో ఉప్పు కలిపి ఇవ్వడం ఇక్కడ సరిగ్గా పనికొచ్చే తెలివి.

కథల్లో కనిపించే జెముడు నీళ్ల సంగతి ఇంకా విడ్డూరం. జెముళ్ల బోదెలో ఉండేది తేటనీరు కాదు, జిగురు గుజ్జు. చాలా జాతుల్లో అందులోని ఆమ్లాలు, ఆల్కలాయిడ్లు వాంతులు, విరేచనాలు కలిగించి ఒంట్లో ఉన్న నీటిని కూడా వెళ్లగొడతాయి. దారిపటంలో ముక్కలు ముక్కలుగా గీసిన నీలి గీత కూడా నీటికి హామీ ఇవ్వదు, ఏడాదిలో కొన్నాళ్లే పారే వాగుకు అది గుర్తు. కాబట్టి స్కౌట్ ఆ బాటపై ఏ ఉష్ణోగ్రతలో తాను ఎన్ని లీటర్లు తాగాడో రాసుకొని, ఆ లెక్కకు కొంత కలిపి సభ్యులకు చెబుతాడు.

అపోహ: ఫోను ఉంటే చాలు, భయపడవలసింది పాములకే.

లోయల్లో సిగ్నల్ అందదు, వేడికి ఫోను ఆగిపోతుంది. జీపీఎస్‌నే నమ్ముకోవద్దని కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ జాతీయ ఉద్యానవనం సందర్శకులను హెచ్చరిస్తుంది. ఇక గిలకపాము ప్రతిసారీ గిలక మోగించి హెచ్చరించదు గనుక చెయ్యి, కాలు పెట్టే చోట చూపు అవసరమే; అయితే బండల పగుళ్లలో గూడు కట్టే సంకర తేనెటీగలు గుంపు అలికిడికి లేచి వెంటపడటం ఒంటరి స్కౌట్‌కు తట్టని ప్రమాదం, ఎందుకంటే ఒక్కడు నిశ్శబ్దంగా దాటిన చోట పదిహేను మంది మాటలు, అడుగులు వేరుగా వినిపిస్తాయి.

అపోహ: గమ్యం చేరకుండా తిరిగి వచ్చిన స్కౌట్ పని చెడగొట్టినట్లు.

సగం దారిలో వాగు కోసిన గట్టును చూసి, కొత్తవారిని ఇక్కడ దింపడం కుదరదని తేల్చుకొని వచ్చిన నివేదిక, శిఖరం మీది ఫోటోల కంటే సంఘానికి ఎక్కువ ఉపయోగపడుతుంది. అసలు బయలుదేరకూడని రోజులూ ఉంటాయి: ఫీనిక్స్ నగరం 2021 నుంచి తీవ్రమైన ఎండ హెచ్చరిక ఉన్న రోజుల్లో క్యామెల్‌బ్యాక్ కొండ, పియెస్టెవా శిఖరం బాటలను పగటి వేడి గంటల్లో మూసివేస్తున్నది. 2023లో అక్కడ వరుసగా 31 రోజులు 110 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే 43 సెల్సియస్‌కు పైన, ఎండ కాసింది. అటువంటి వేసవి పంచాంగాన్ని ముందు పెట్టుకున్న స్కౌట్, జూలై తేదీల ఎదుట బాట పేరుకు బదులు ‘నడక లేదు’ అని రాసి ఇస్తాడు.